శింగనమల రచ్చకట్ట మీద మూడు పాచికలు

అనంతపురంలో శింగనమల బస్సెక్కితే ముందుగా పలకరించేది బుక్కరాయసముద్రం చెరువు. వాన పడినా, పడకపోయినా ఈ జిల్లా కథలన్నీ చెరువు దగ్గరే మొదలవుతాయి. ఆ మాటకొస్తే అనంతపురం పుట్టిందే చెరువుగట్టు కొసన. విజయనగరాన్ని బుక్కరాయలు ఏలుతున్న కాలంలో, 1364 ప్రాంతంలో, ఈ చెరువు కట్టారు. గట్టుకు ఒక కొసన వెలిసిన ఊరు బుక్కరాయసముద్రం, రెండో కొసన వెలిసినది అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. ఈ గట్టు తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాశారు.

చెరువు దాటగానే నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి, నల్లరాళ్ల గుట్టలు, మధ్యమధ్య చీనీ తోటలు. మే నెలలో అయితే కనుచూపు మేర దున్ని వదిలేసిన శెనక్కాయ చేలు. ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్నట్టుంటాయి.

ఎందుకిలా అంటే... ఈ పీఠభూమి రెండు రుతుపవనాలకూ చివరి ఇల్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలకు తూర్పు తీరం నుంచి ఇంతదూరం వచ్చే ఓపిక ఉండదు. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సకాలంలో కురిస్తే! దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల పేర్లు చెప్పమంటే రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అనంతపురాన్నే చెబుతూ వచ్చారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసినప్పుడు శింగనమల పాత అనంతపురంలోనే ఉండిపోయింది. కరువు మాత్రం రెండు జిల్లాలకూ సమానంగా వచ్చింది.

ఇక్కడికి దగ్గర్లోని నార్పల మండలం బండ్లపల్లి పేరు మీరు వినే ఉంటారు. జాతీయ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. దేశం మొత్తానికి వర్తించే పథకానికి ఈ నేలనే ఎందుకు ఎంచుకున్నారో కిటికీలోంచి చూస్తే తెలిసిపోతుంది.

ఇంత చెప్పి, ఇప్పుడు నేను చెప్పబోయేది ఆటల గురించి అంటే నవ్వుతారేమో! కానీ ఈ వేసవిలో శింగనమలలో నాలుగు రోజులున్నాక, ఆ ఊరిని నాకు కొత్తగా చూపించింది ఒక ఆటే.

కొండ పేరు, రాయల చెరువు

శృంగి మహర్షి తపస్సు చేసిన మల కాబట్టి శింగనమల అయిందని ఊరివాళ్లు చెబుతారు. మల అంటే కొండ. పొద్దున్నే లేచి చెరువుగట్టు మీదికి వెళితే ఆ పేరు ఎంత సరిగ్గా అతికిందో అనిపిస్తుంది.

ఇక్కడి చెరువు పేరు శ్రీరంగరాయల చెరువు. జిల్లాలోని పెద్ద చెరువుల్లో ఒకటి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వదిలి, చెరువు నిండిన ఏడు దీని కింద మడికట్లన్నీ పచ్చగా వరి నాట్లతో ఉంటాయి. నిండని ఏడు అదే చెరువులో పశువులు మేస్తుంటాయి. గట్టు మీద నిలబడితే ఊరు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. గట్టు కింద తడి ఊరు, గట్టుకు పైన మెట్ట ఊరు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు గలవాళ్లలో ఒకరి పొలం ఇటు, ఒకరి పొలం అటు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

పొద్దున టిఫిన్ అంటే ఇక్కడ ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నానికి రాగిసంకటి, శెనక్కాయ పచ్చడి. అవి కానిచ్చాక ఎండలో చేసే పనేమీ ఉండదు. ఊరంతా రచ్చకట్ట మీద వేపచెట్టు నీడకు చేరుతుంది. రాయలసీమ పల్లెల్లో రచ్చకట్ట అంటే కోర్టు, క్లబ్బు, పత్రికాఫీసు, ఆటస్థలం... అన్నీ అదే.

ఆ బండల మీద పాతకాలపు గీతలు కనిపిస్తాయి. ఒక త్రికోణం, దాన్ని కోస్తూ అడ్డగీతలు. అదే పులిజూదం. 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. పులి మేక మీదుగా దూకి చంపాలి, మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయాలి. హంపీకి వెళ్లినవాళ్లు మండపాల రాతినేల మీద ఇలాంటి గీతలు చూసే ఉంటారు. విజయనగరం కాలంలో ఎవరో ఎండకు కూర్చుని చెక్కుకున్నవి. రాజులకూ ఈ సరదా తక్కువేం కాదు. మైసూరు ఏలిన మూడో కృష్ణరాజ ఒడయార్ కొత్త కొత్త బల్లాటలు స్వయంగా తయారుచేశాడు. ఆయన రాయించిన శ్రీతత్త్వనిధిలో ఆటలకు ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది.

శింగనమల రచ్చకట్ట మీద ఈ వేసవిలో నాకు కనిపించింది మాత్రం పులిజూదం కాదు. పులిజూదం గీతల మీదే ఒక చేట పెట్టి, పావుసేరు డబ్బాలో మూడు పాచికలు గిలకొట్టి, చేటలోకి విసురుతున్నారు పిల్లలు. పక్కనే చెప్పుల డబ్బాలో అట్టముక్కల కట్టలు. ఒకడి ఒళ్లో స్కోరు పుస్తకం.

"ఏం ఆటరా ఇది?" అన్నాను.

"టోర్నమెంటుకు రెడీ అవుతాండాం చిన్నాయనా!" అన్నాడు మా అన్న కొడుకు. తలెత్తి కూడా చూడలేదు.

డల్లాస్ నుంచి వచ్చిన పెట్టె

కథ పోయిన సంక్రాంతికి మొదలైందట. మా బంధువుల అబ్బాయి ఒకడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పండక్కి వస్తూ పిల్లలకు ఒక ఆటపెట్టె తెచ్చాడు. దాని పేరు స్ట్రాట్-ఓ-మాటిక్. బేస్‌బాల్‌ను బల్ల మీద పాచికలతో ఆడే ఆట అది.

బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కు దూరపు చుట్టం. పిచర్ బంతి విసురుతాడు, బ్యాటర్ కొడతాడు, నాలుగు మూలలు చుట్టి వస్తే ఒక పరుగు. జట్టుకు 9 మంది. అమెరికాలో ఒక్కో పెద్ద జట్టు ఒక సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అన్ని మ్యాచ్‌లు ఆడితే ఎన్ని లెక్కలు పోగవుతాయో ఊహించండి! ఎవరు ఎన్నిసార్లు కొట్టారు, ఎన్నిసార్లు అవుటయ్యారు... ఆ లెక్కలనే అట్టముక్కల మీదికి ఎక్కిస్తే? 1951లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో రిచర్డ్ సైట్జ్ అనే ఆయన అలాంటి ఆటను ఆప్బా పేరుతో అమ్మాడు. పిల్లాడిగా ఉన్నప్పుడే పాచికలతో బేస్‌బాల్ ఆడుకోవడం మొదలుపెట్టిన హాల్ రిచ్‌మన్, 1961లో స్ట్రాట్-ఓ-మాటిక్‌ను బజారులోకి తెచ్చాడు.

ఆట సూత్రం చాలా తేలిక. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటుంది. మూడు పాచికలు వేస్తారు. మొదటి పాచికలో 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి. 4, 5, 6 పడితే పిచర్ కార్డు చూడాలి. అంటే ఫలితం సగం కొట్టేవాడి చేతిలో, సగం వేసేవాడి చేతిలో. మిగిలిన రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 దాకా ఎంత వస్తే ఆ వరుసలో ఏముందో అదే ఫలితం. మంచి ఆటగాడి కార్డులో పరుగులు ఎక్కువ, అవుట్లు తక్కువ. మామూలు ఆటగాడికి దానికి తిరగేసి.

అమెరికాలో దీనికి లీగులు, టోర్నమెంట్లు ఉన్నాయి. పెద్దవాళ్లు, ఉద్యోగస్తులు నెలల తరబడి తయారవుతారు. ఎవరిని జట్టులోకి తీసుకోవాలి, అవతల ఎడమచేతి పిచర్ ఉంటే ఎవరిని దించాలి, ఎవరి తర్వాత ఎవరు... ఇవన్నీ ముందే కాగితం మీద తేల్చుకుంటారు. 1981లో అక్కడి ఆటగాళ్లు సమ్మె చేశారు. జులై 14న క్లీవ్‌లాండ్‌లో జరగాల్సిన ఆల్‌స్టార్ మ్యాచ్ ఆగిపోయింది. అప్పుడు అదే స్టేడియంలో స్ట్రాట్-ఓ-మాటిక్ పాచికలతో ఆ మ్యాచ్ ఆడారు! 2020లో కరోనా వల్ల మైదానాలు మూతపడినప్పుడు కూడా రోజువారీ మ్యాచ్‌లు ఈ ఆటలోనే నడిచాయి. మైదానంలో ఆట లేని రోజున ఆటను బతికించింది ఈ అట్టముక్కలే.

మా వాళ్లకు మాత్రం ఆ కార్డుల మీద పేర్లు ఒక్కటీ తెలియదు. బేస్‌బాల్ చెల్లెలు సాఫ్ట్‌బాల్‌కు అనంతపురం ఆర్డీటీ క్రీడాగ్రామంలో చోటుంది కాబట్టి ఆ మాట విన్నారు, అంతే. నెల రోజులు పెట్టె అటక మీద పడి ఉంది. పదో తరగతి పరీక్షలు అయ్యాక ఎవడికో ఆలోచన వచ్చింది. "పేర్లు వాళ్లవి అయితే ఏం? లెక్క మనకు తెలుసు కదా!"

పుస్తకం క్రికెట్‌లో లోపం

ఈ లెక్క ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే పుస్తకం క్రికెట్ గుర్తుచేసుకోవాలి. మీ ఇంట్లో నలభై దాటిన ఎవరినడిగినా చెబుతారు. పాఠ్యపుస్తకం కళ్లు మూసుకుని తెరవాలి. సరి పేజీ చివరి అంకె 2 అయితే రెండు పరుగులు, 4 అయితే ఫోరు, 6 అయితే సిక్సరు. 8 వస్తే చాలా ఊళ్లలో ఒక్క పరుగే. సున్నా వస్తే అవుట్. మేష్టారు బోర్డు వైపు తిరిగినంతసేపూ వన్డే మ్యాచ్ జరిగిపోయేది.

మా అన్న కూతురు ఇంటర్ చదువుతోంది. ఈ ఆట మొత్తానికి లెక్కల మేష్టారు ఆ పిల్లే. "చూడు చిన్నాయనా, అయిదు అంకెల్లో ఒకటి అవుటు. అంటే అయిదు బంతులకు ఒక వికెట్. పది వికెట్లకు 50 బంతులు. మిగిలిన 40 బంతులకు సగటున మూడుంబావు పరుగులు. 130కి ఆలౌట్! ఎవురు ఆడినా 130. టెండూల్కర్ ఆడినా, పదకొండో నంబరోడు ఆడినా ఒకటే. ఇదేం ఆట?"

నిజమే. పుస్తకానికి సచిన్ ఎవరో, మెక్‌గ్రాత్ ఎవరో తెలియదు. వన్డేల్లో సచిన్ బ్యాటింగ్ సగటు 44.83, మెక్‌గ్రాత్ సగటు 3.83. పుస్తకం తెరిస్తే ఇద్దరూ ఒకే త్రాసులో కూర్చుంటారు. దీనికి పూర్తిగా ఎదురు పులిజూదం. అందులో అదృష్టం అనే మాటే లేదు. గెలిచినా ఓడినా బుర్రే కారణం.

పెట్టెలోంచి వచ్చిన ఆట ఈ రెండింటికీ మధ్యలో ఉంది. పాచిక ఎవరికైనా ఒకటే. కార్డు మాత్రం ఎవరిది వాళ్లదే.

కార్డు ఎలా రాస్తారు?

ఇంట్లో పిల్లలతో ఆడాలనుకునేవాళ్ల కోసం ఆ పిల్ల నాకు నేర్పిన లెక్క చెబుతాను. ఒక అట్టముక్క మీద మూడు నిలువు గళ్లు గీయండి. ఒక్కో గడిలో 2 నుంచి 12 దాకా పదకొండు వరుసలు. మొదటి పాచిక 1 అయితే బ్యాటర్ కార్డులో మొదటి గడి, 2 అయితే రెండోది, 3 అయితే మూడోది. 4, 5, 6లకు బౌలర్ కార్డులో అలాగే.

మిగిలిన రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. మొత్తం 7 రావడానికి ఆరు దారులున్నాయి. 2 రావడానికి ఒకటే దారి, 12కు కూడా ఒకటే. మూడు గళ్లూ కలిపితే ఒక కార్డుకు 108 దారులు. ఈ 108ని ఎలా పంచుతామన్నదే కిటుకంతా.

సచిన్ స్ట్రైక్ రేటు 86.23. అంటే 100 బంతులకు 86 పరుగులు. సగటు 44.83 కాబట్టి సుమారు 52 బంతులకు ఒకసారి అవుటయ్యాడని లెక్క. 108ని 52తో భాగిస్తే రెండు. సచిన్ కార్డులో అవుట్‌కు రెండే దారులు ఇవ్వాలి. మొదటి గడిలో 2 దగ్గర ఒకటి, మూడో గడిలో 12 దగ్గర ఒకటి. ఇక బౌలర్ మురళీధరన్ అనుకోండి. వన్డేల్లో 534 వికెట్లు, 35 బంతులకు ఒకటి చొప్పున. 108ని 35తో భాగిస్తే మూడు. ఆయన కార్డులో వికెట్‌కు మూడు దారులు. ఒక గడిలో 3 దగ్గర రాస్తే రెండు దారులు, ఇంకో గడిలో 2 దగ్గర రాస్తే ఒక దారి. ఇద్దరూ ఎదురుపడితే 216 దారుల్లో అయిదు వికెట్లు. సుమారు 43 బంతులకు ఒకటి. మిగిలిన వరుసల్లో సున్నాలు, ఒకట్లు, ఫోర్లు వాళ్ల వాళ్ల లెక్కల ప్రకారం పంచాలి.

ఇలా 8 జట్లకు 88 కార్డులు రాశారు. అందులో ఒకటి పూర్తిగా ఆడవాళ్ల జట్టు. అది ఎవరి పట్టుదలో వేరే చెప్పాలా! వన్డేల్లో 7,805 పరుగులు, 50.68 సగటు ఉన్న మన హైదరాబాదీ మిథాలీ రాజ్ కెప్టెన్. 255 వికెట్ల ఝులన్ గోస్వామి మొదటి ఓవరు. "ఆడోళ్ల మ్యాచ్‌ల లెక్కలు మగోళ్లతో ఎట్ల కలుపుతావు?" అని మగపిల్లలు గోల చేశారట. "నీ సచిన్ నా ఝులన్ బౌలింగ్ ఎప్పుడైనా ఆడినాడా? ఆడనోళ్లను ఆడించేకే కదరా ఈ ఆట" అని నోరు మూయించిందట.

కార్డు రాశాక పరీక్ష. సచిన్ కార్డును ఒక్కటే పెట్టుకుని 520 సార్లు పాచికలు వేశారు. లెక్క ప్రకారం పదిసార్లు అవుటవ్వాలి. 13 సార్లు అయ్యాడు! కార్డు తప్పని ఒకడు, పాచిక వంకరని ఒకడు. మళ్లీ 520 సార్లు వేశారు. ఈసారి ఏడే. రెండూ కలిపితే 20. ఆ పిల్ల స్కోరు పుస్తకంలో ఆ పేజీని గీత పెట్టి దాచింది. నాలుగు రోజుల్లో నేను చూసిన అతి మంచి లెక్కల పాఠం అదే.

నిబంధనలు కూడా గట్టివే. చేట బయట పడిన పాచిక చెల్లదు, మూడూ మళ్లీ వేయాలి. మ్యాచ్ పది ఓవర్లు, ఒక బౌలర్‌కు రెండే ఓవర్లు. బ్యాటింగ్ వరుస ముందు రోజు సాయంత్రమే చీటీ మీద రాసి చెప్పుల డబ్బాలో వేయాలి. తర్వాత మార్చడానికి లేదు.

జేజినాయన ప్రశ్న

రచ్చకట్ట మీద రోజూ మా పక్కనే కూర్చునే పెద్దాయన ఒకరున్నారు. పిల్లలంతా జేజినాయన అని పిలుస్తారు. పులిజూదంలో ఆయన్ను ఓడించినవాళ్లు ఊళ్లో లేరట. రెండు రోజులు ఈ పాచికల గోల మౌనంగా చూశారు. మూడో రోజు అడిగారు.

"పాచిక పడినాంక మీరు చేసేదేముంది రా?"

"ఏం లేదు జేజినాయనా. కార్డు చూసి రాసుకునేదే."

"మరి ఇంత గలాటా దేనికి?"

"పడకముందే కదా జేజినాయనా చేసేది! ఎవరిని ముందు దించల్ల, ఎవరిని దాచుకోవల్ల..."

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "అయితే ఇది మా సేద్యమే కదప్పా" అన్నారు.

ఆయనకు అయిదెకరాల మెట్ట. చెరువుగట్టుకు పైన. ఆ సాయంత్రం నన్ను పొలానికి తీసుకెళ్లి ఒక్కొక్కటీ చూపించారు. వేసవి దుక్కి అయిపోయింది. నాలుగు చినుకులు పడితే భూమి తాగాలి కదా! విత్తనం శెనక్కాయ ఇంట్లో కాయగానే ఉంది. ముందే ఒలిస్తే మొలక దెబ్బతింటుందని విత్తే ముందు వారమే ఒలుస్తారు. ఒకప్పుడు ఈ సీమంతా టీఎంవీ-2 అనే పాత రకమే. తర్వాత కదిరి పరిశోధన కేంద్రం నుంచి కదిరి-6 వచ్చింది, ఆ తర్వాత కదిరి లేపాక్షి. ఏది ఎంత వేయాలో ఇంట్లో వాదనలు నడుస్తున్నాయి. శెనక్కాయ సాళ్ల మధ్య కంది సాళ్లు తప్పవు. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేసి శెనక్కాయ పోయినా, లోతు వేరున్న కంది ఎంతో కొంత చేతికి వస్తుంది.

"ఇదంతా వాన పడకముందు పని. పడినాంక ఏముంది, పరిగెత్తి విత్తడమే. పడకపోతే... రాసుకునేదే" అన్నారు పిల్లల మాటనే తిప్పి.

"వాన అందరికీ ఒకటే కదా, కార్డులే వేరు. మీది మెట్ట, కిందవాళ్లది మడి" అన్నాను నేను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఈడ వాన కూడా అందరికీ ఒకటి కాదప్పా. గట్టుకు ఇవతల కురిసి అవతల కురవదు. ఒక్కో చేనికి ఒక్కో పాచిక ఏస్తాడు ఆ పైనోడు."

ఎర్రమట్టి మీద పొద్దు వాలుతోంది. కిందికి చూస్తే గట్టు అవతల ఒక బోరు దగ్గర చీనీ చెట్లు, ఇవతల దున్నిన నేల. చెరువు కింద మడి ఉన్నవాడి కార్డులో అవుట్లు తక్కువ. బోరులో నీళ్లున్నవాడికి ఇంకో నాలుగు వరుసలు కలిసొస్తాయి. మెట్ట తప్ప ఏమీ లేనివాడు, అందులోనూ కౌలుకు చేసేవాడు, అప్పుతో విత్తనం కొన్నవాడు... వాళ్ల కార్డులో మూడు గళ్లలోనూ అవుట్లే. పాచిక బాగా పడిన ఏడు కూడా వాళ్లకు వచ్చేది ఒక్క పరుగే. నష్టం వచ్చినప్పుడల్లా "ఏం చేస్తాం, వాన లేదు" అని మనం పాచికనే తిడతాం. కార్డు ఎవరు రాశారని అడగం.

గడువు జూన్

టోర్నమెంటుకు 8 జట్లు, రెండు గ్రూపులు. గ్రూపు మ్యాచ్‌లు 12, సెమీఫైనల్స్ రెండు, ఫైనల్ ఒకటి. ఒక్కో మ్యాచ్‌కు ముప్పావు గంట. తీరిగ్గా జూన్ చివరి దాకా ఆడుకోవచ్చు కదా అన్నాను.

కుదరదట. జూన్‌లో బడి తెరుస్తారు. అదొక్కటే అయితే సాయంత్రాలు ఆడుకోవచ్చు. అసలు కారణం వేరే. వాన పడిందా, ఊరంతా పొలాల్లోనే. పిల్లలు కూడా విత్తనాలు ఒలవాలి, గొర్రు వెనక సాళ్లలో గింజలు వేయాలి. రచ్చకట్ట మీద కుక్క కూడా ఉండదు. వాన పడలేదా, కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి. బెంగళూరులో కట్టడాల పనికి వెళ్లేవాళ్లు పిల్లలను కూడా తీసుకుపోతారు. వాన వచ్చినా ఆట ఆగుతుంది, రాకపోయినా ఆగుతుంది!

స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లాడు ఉన్నాడే, వాడిది అలాంటి ఇల్లు. వాళ్ల నాన్న ఉగాది కాగానే బెంగళూరు వెళ్లాడు. వాన సంగతి చూసి అమ్మ, చెల్లెలు, వీడు కూడా వెళ్లడమా ఉండడమా అనేది తేలుతుంది. వాడి దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. 88 కార్డులూ తుది ప్రతి రాసింది వాడే. వాడి జట్టులో పెద్ద పేర్లేమీ లేవు. కార్డులు పంచుకునేటప్పుడు చివరి చీటీ వాడికి వచ్చింది. అయినా వరుసలు ఎలా పేర్చాడంటే, తయారీ మ్యాచ్‌ల్లో రెండుసార్లు సచిన్ ఉన్న జట్టును ఓడించాడు. బలహీనమైన బౌలర్లను అవతలి తోకకు, మంచివాళ్లను మొదటి రెండు వికెట్లకు దాచి పెట్టడం వాడి పద్ధతి. "కార్డు మన చేతిలో లేదు, వరుస మన చేతిలో ఉంది" అంటాడు మామూలుగా, అదేదో పెద్ద సంగతి కానట్టు.

నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం మ్యాచ్‌ల పట్టిక రాశారు. మామూలుగా అయితే చీటీలు వేసి తీయాలి. ఈసారి చీటీలు వేయలేదు. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు కూడా. మా అన్న కూతురు కాగితం తీసుకుని వాడి జట్టు మూడు గ్రూపు మ్యాచ్‌లనూ మొదటి రెండు రోజుల్లోనే రాసేసింది. సెమీఫైనల్స్ మే నెల దాటకుండా జరపాలని కింద గీత పెట్టి రాసింది. వాడు ఆ పట్టికను ఒకసారి చదివి, స్కోరు పుస్తకంలోకి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకున్నాడు. పట్టిక చివర ఇంకో నిబంధన చేర్చింది జేజినాయన. ఆట మధ్యలో వాన పడితే ఏం చేయాలన్నది.

"పడినంత సేపు అందరూ లేచి నిలబడి చూడల్ల. మ్యాచ్ యాడ ఆగిందో ఆణ్ణుంచే తర్వాత ఆడుకోవచ్చు" అని రాయించారు.